గ్రైండరు విప్పితే కనిపించే పనితనం

రాయ్‌పూర్‌లో పండరీ పేరు చెబితే ఎవరికైనా గుర్తొచ్చేది బట్టల బజారే. చీరల బేళ్లు, సూటింగు తాన్లు, పెళ్లి సీజను ముందు తోపుడుబళ్లకు కూడా దారి దొరకని సందులు. అయితే ఆ బట్టల వెనక బోలెడంత ఇనుము ఉంది. దుకాణాల షట్టర్లు, తాన్లు పేర్చే ర్యాకులు, సరుకు దాచుకునే అటకలు అన్నీ యాంగిల్, పైపు, చానల్ కోసి వెల్డింగు చేసినవే. బట్టల సందడి సద్దుమణిగాక ఏ సందులోనో గ్రైండరు మొదలవుతుంది. నగరం అంచునే సిల్తారా, ఉర్లా పారిశ్రామికవాడల్లో స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలు, రోలింగు మిల్లులు ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఇనుముకు కరువు లేదు. కోసే చేతులకూ కరువు లేదు. ఆ చేతుల్లో తెలుగు చేతులు ఎప్పటినుంచో ఉన్నాయి. పార్వతీపురం, రాయగడ మీదుగా విజయనగరాన్ని రాయ్‌పూర్‌తో కలిపే రైలు మార్గం 1931లోనే పూర్తయింది. తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారం వచ్చింది, 1959లో అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగింది. పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్లకు ఈ వైపు పరాయి దేశంలా ఎన్నడూ అనిపించలేదు.

మిషను కొనడానికి ఇక్కడ ఏ దుకాణం మెట్లెక్కినా మొదట వినిపించే ప్రశ్న ఒకటే: "కంపెనీవాలా దూఁ, యా లోకల్?" కంపెనీది అంటే బాష్, మకీటా, డివాల్ట్, హైకోకీ లాంటివి. లోకల్ అంటే నిన్నమొన్న పుట్టిన ఏ పేరైనా. నాలుగంగుళాల గ్రైండరు లోకల్‌లో వెయ్యి, పదిహేను వందలకు దొరుకుతుంది. కంపెనీది దానికి రెట్టింపు, ఒక్కోసారి ఆ పైన. కొనేవాడు వెంటనే అడిగేది గ్యారంటీ ఎన్నాళ్లని. ఆరు నెలలో ఏడాదో జవాబు వస్తుంది. రెండింటికీ ఒకే జవాబు వస్తే రెట్టింపు డబ్బు ఎందుకు పెట్టాలన్నది న్యాయమైన సందేహమే. దానికి జవాబు కాగితం మీద ఉండదు. నాలుగు మరలు విప్పితే కనిపిస్తుంది.

ముందు ఆ కాగితం సంగతి తేల్చుకుందాం. పనిముట్ల లోకంలో జీవితకాల వారంటీకి పేరు తెచ్చింది రెంచీలూ స్పానర్లే. అమెరికాలో సియర్స్ సంస్థ 1927లో క్రాఫ్ట్స్‌మన్ పేరుతో పనిముట్లు అమ్మడం మొదలుపెట్టింది. విరిగిన స్పానరు పట్టుకొస్తే కొత్తది చేతిలో పెట్టి పంపడం ఆ పేరును ఇంటింటికీ చేర్చింది. అది దానధర్మం కాదు, లెక్క తెలిసిన వ్యాపారం. స్పానరంటే ఒకే ముక్క. సరైన ఉక్కును ఎర్రగా కాల్చి, అచ్చులో కొట్టి, సరిగ్గా పదును పెడితే మామూలు వాడకంలో అది విరగదు. విరిగిందంటే చాలావరకు తయారీలోనే లోపం ఉన్నట్టు. 1969లో స్వీడన్ బాహ్కో సాంకేతిక సహకారంతో మన దేశంలో చేతి పనిముట్లు మొదలుపెట్టిన టపారియా ప్లయర్లు తాతల పెట్టెల్లోంచి మనవల పెట్టెల్లోకి దిగుతున్నాయంటే కారణం అదే. అరిగే భాగం అందులో లేదు.

మోటారున్న పనిముట్టు అలాంటిది కాదు. దానిలో కొన్ని భాగాలను అరిగిపోవడానికే పెడతారు. అందుకే ఎంత గట్టి కంపెనీ అయినా జీవితకాలం అన్న మాట వాడితే దాని చుట్టూ కంచె కడుతుంది. అమెరికాలో హోమ్ డిపో దుకాణాల్లో అమ్మే రిడ్జిడ్ మిషన్లకు జీవితకాల సర్వీసు ఒప్పందం ఉంది. అరిగే భాగాలకూ, బ్యాటరీలకూ అది వర్తిస్తుంది. అయితే మొదట కొన్నవారికే, అదీ 90 రోజుల్లోపు పేరు నమోదు చేసుకుంటేనే. లీచ్టెన్‌స్టైన్‌లో 1941లో పుట్టిన హిల్టీ తయారీ లోపాలకు ఏళ్ల తరబడి పూచీ పడుతుంది. అరుగుదల మరమ్మతులు మొదట్లో రెండేళ్ల దాకా ఉచితం, ఆ తర్వాత మరమ్మతు బిల్లుకు ఒక గరిష్ఠ పరిమితి. చదివితే ముచ్చటేస్తుంది కానీ ఆ ఖర్చంతా అమ్మకం ధరలో ముందే కలిసి ఉంటుంది. ఇక్కడ వారంటీ కొత్తల్లుడికి జరిగే మర్యాద లాంటిది: తొలి ఏడాది అడిగినవన్నీ జరుగుతాయి, ఆ తర్వాత ఏం జరుగుతుందన్నది ఆ ఇంటివాళ్ల మంచితనాన్ని బట్టి ఉంటుంది.

పైగా జీవితకాలం అంటే ఎవరి జీవితకాలం? కొన్నవాడిదా, మిషనుదా, కంపెనీదా? సియర్స్ 2017లో క్రాఫ్ట్స్‌మన్ పేరును స్టాన్లీ బ్లాక్ అండ్ డెకర్‌కు అమ్మేసింది, 2018లో దివాలా పిటిషను వేసింది. పేరు కొనేవాడు దొరికాడు కాబట్టి మాట నిలిచింది. పెట్టె మీద రంగులు తప్ప చిరునామా కూడా సరిగ్గా ఉండని సరుకుకు ఆ భాగ్యం దక్కదు.

ఇక మిషను దగ్గరికి వద్దాం. జర్మనీలో ఫైన్ సంస్థ మొదటి విద్యుత్ చేతి డ్రిల్లును 1895లో తయారుచేసింది. తుపాకీ పిడిలా పట్టుకుని వేలితో నొక్కే డ్రిల్లుకు బ్లాక్ అండ్ డెకర్ 1917లో పేటెంటు పొందింది. ఇవాళ మన వెల్డర్ల చేతిలో గిర్రున తిరిగే యాంగిల్ గ్రైండరును 1954లో తెచ్చింది మళ్లీ జర్మనీ వాళ్లే, ఫ్లెక్స్ అనే కంపెనీ. డెబ్బై ఏళ్లలో దాని రూపం పెద్దగా మారలేదు. పొడుగాటి ఒంట్లో మోటారు, ముందు లంబకోణంలో తిరిగిన గేరు తల, దానికి బిళ్ల.

ఇంత చిన్న వస్తువు మీద పడే భారం ఎంతో అంకెల్లో చూస్తేనే తెలుస్తుంది. నాలుగంగుళాల గ్రైండరులో బిళ్ల నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. అంటే 100 మిల్లీమీటర్ల బిళ్ల అంచు సెకనుకు 57 మీటర్లు దాటిన వేగంతో, గంటకు 200 కిలోమీటర్ల పైచిలుకు లెక్కన ఇనుమును ఒరుసుకుంటుంది. మంచి బిళ్లల మీద సెకనుకు 80 మీటర్లని రాసి ఉంటుంది. అదే పరిమాణపు బిళ్లకు నిమిషానికి 15,000 చుట్ల పైమాటే అది. ఆ తేడా ప్రాణాలు కాపాడే జాగా కాబట్టి, గార్డు ఊడదీసి పెద్ద బిళ్ల బిగించడం అంతకంతకూ అపాయం. గేరు దగ్గర వేగం దాదాపు మూడో వంతుకు తగ్గుతుంది కనుక, లోపల మోటారులో తిరిగే భాగమైన ఆర్మేచరు ముప్పై వేలకు పైగా చుట్లు తిరుగుతున్నట్టు లెక్క. సెకనుకు ఐదు వందల చుట్లు! దుమ్ములో, వేడిలో, చేతి ఒత్తిడి కింద ఈ పని రోజంతా చేయాలి.

మొదట విప్పేది కార్బన్ల చోటు. గోరంత బొగ్గు దిమ్మెలు రెండు స్ప్రింగు వత్తిడితో ఆర్మేచరు కొసనున్న రాగి కమ్యుటేటర్‌ను తాకుతూ కరెంటు అందిస్తాయి. అరిగేది ఇదే, అరగాల్సిందీ ఇదే. రాగిని కాపాడటానికి బొగ్గు తనను తాను అరగదీసుకుంటుంది. పనితనం ఉన్న మిషన్లలో బొగ్గు బాగా పొట్టిదైనప్పుడు లోపలున్న చిన్న మొలక ఎగిరి కార్బన్‌ను పైకి లేపేసే ఏర్పాటు ఉంటుంది. మిషను ఆగిపోతుంది. చెడిపోయిందని కొత్తవాళ్లు కంగారు పడతారు కానీ అది మిషను తనను కాపాడుకున్న క్షణం. ఈ ఏర్పాటు లేని చోట అరిగిన బొగ్గు వెనక ఉన్న స్ప్రింగో తీగో వెళ్లి రాగిని గీస్తుంది. కొన్ని రూపాయల కార్బన్‌తో పోయేది ఆర్మేచరు దాకా వస్తుంది. "కార్బన్లు చూసుకో తమ్ముడూ, ఆర్మేచరు దాకా తెచ్చుకోకు" అని పాత మెకానిక్కులు కుర్రాళ్లకు చెప్పే మాటలో మొత్తం వారంటీ శాస్త్రం ఇమిడి ఉంది.

తర్వాత ఆర్మేచరు. మిషను గుండె ఇదే, మోసం జరిగే చోటు కూడా ఇదే. కమ్యుటేటర్ అంటే సన్నటి రాగి పలకలు, వాటి మధ్య మైకా లాంటి ఇన్సులేషను. ఆ ఇన్సులేషను రాగి కంటే వెంట్రుకవాసి లోతులో ఉండాలి. రాగి అరిగి అది పైకి తేలితే ప్రతి చుట్టులో కార్బన్ ఎగిరెగిరి పడుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి. ప్రతి పలకకూ ఒక కొక్కెం ఉంటుంది. వైండింగు తీగ కొసను అందులో మడిచి, కరెంటు వేడితో నొక్కి అతికిస్తారు. మంచి ఆర్మేచరును భూతద్దం కింద పెట్టి చూడండి. కొక్కేలన్నీ ఒకే వంపుతో, ఒకే లోతున నొక్కుకుని ఉంటాయి. నాసిరకం దానిలో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి కాలి నల్లబడి ఉంటుంది. ఏదో ఒక రోజు వేగం మీదున్నప్పుడు ఆ ఒక్క అతుకు తెగుతుంది.

తీగచుట్ల మీద పూత మరో పరీక్ష. గ్రైండరు చల్లబడటానికి లోపలి ఫ్యాను వెనకనుంచి గాలి లాగుతుంది, ఆ గాలితో పాటు ఇనుప రజనునూ లాగుతుంది. ఆ రజను సెకనుకు ఐదు వందల చుట్లు తిరిగే తీగల మీద పడి ఎనామిల్‌ను చెక్కేస్తుంది. అందుకని మంచి తయారీదారులు తీగచుట్ల కొసలను దారంతో బిగించి, రెసిన్‌తో గట్టిగా పూడ్చేస్తారు. గోరుతో తడితే గాజులా ఉంటుంది. చౌక దానిలో వార్నిషు పలచగా పారి ఉంటుంది, కొన్నిచోట్ల తడే తగలదు.

తీగ రాగిదా అల్యూమినియందా అన్నది పైకి కనిపించదు, రెంటికీ ఎర్రటి పూతే. అల్యూమినియం రాగిలో 61 శాతం మేరకే కరెంటును పారనిస్తుంది. ఆ లోటు పూడాలంటే తీగ లావు పెరగాలి. కానీ ఇనుప గాడిలో చోటు అంతే. కాబట్టి వేడి పెరుగుతుంది, వేడికి ఎనామిల్ చస్తుంది. కాలిన మిషను ఆర్మేచరును రిపేరు బల్ల మీద గ్రోలర్ అనే విద్యుదయస్కాంతానికి ఆనించి, హాక్సా బ్లేడు ముక్కను గాళ్ల మీదుగా జరుపుతూ పోతే షార్టయిన చోట ఆ ముక్క జుమ్మని కొట్టుకుంటుంది. ఖరీదైన పరికరం లేకుండా చెవితో, వేలితో రోగం పట్టే ఈ పద్ధతి చూసి తీరాల్సిన విద్య.

ఆర్మేచరు ఇనుప ఒంటి మీద అక్కడక్కడా చిన్న చెక్కుళ్లు కనిపిస్తే పాడైందనుకోకండి. బ్యాలెన్సు కోసం కొలిచి తీసిన గాట్లు అవి. ముప్పై వేల చుట్ల వద్ద ఒక వైపు కొద్ది మిల్లీగ్రాములు ఎక్కువైనా ఆ వణుకు బేరింగుకూ, అక్కణ్నుంచి మణికట్టుకూ చేరుతుంది. రోజంతా గ్రైండరు పట్టినవాడి వేళ్లు సాయంత్రం తిమ్మిరెక్కడానికి ఈ చెక్కుళ్లు లేకపోవడం కూడా ఒక కారణం. వారంటీ కార్డులో దీని ఊసే ఉండదు, కానీ పనివాడి ఒంటికి సంబంధించిన అసలు నాణ్యత ఇదే.

బేరింగుల దగ్గర నమ్మకానికి గుర్తు అంకెలు. 607, 608, 6201 లాంటివి ప్రపంచమంతటా ఒకే కొలత. 608 అంటే లోపలి రంధ్రం 8, బయటి వ్యాసం 22, మందం 7 మిల్లీమీటర్లు, జపాన్‌లో కొన్నా రాయ్‌పూర్‌లో కొన్నా అంతే. మంచి మిషనులో బేరింగుకు రెండు వైపులా రబ్బరు సీలు, వెనక బేరింగు చుట్టూ రబ్బరు తొడుగు ఉంటాయి. గేర్ల జత పళ్లు వంపు తిరిగి ఉంటాయి కాబట్టి ఒక పన్ను పూర్తిగా వదలకముందే రెండోది భారం అందుకుంటుంది. గ్రీసు తుడిచి చూస్తే పళ్ల మీద రాపిడి మెరుపు మధ్యలో ఉండాలి. అంచున ఉంటే తల పోతపోసిన అచ్చులోనో, రంధ్రం తొలచడంలోనో తేడా వచ్చినట్టు.

ఒంటి విషయానికొస్తే, మేలురకం మిషన్ల ఒళ్లు గాజునార కలిసిన నైలాన్. వేడికి మెత్తబడదు, కిందపడితే పగలదు. పెట్టె మీద చదరంలో చదరం గుర్తు ఉంటే రెండంచెల ఇన్సులేషను అని అర్థం. అందుకే దానికి ఎర్తు లేకుండా రెండు పిన్నుల ప్లగ్గే ఇస్తారు. మన దేశంలో రాలీ ఊల్ఫ్ పేరుతో ఒక తరం వాడిన లోహపు డ్రిల్లుకు మూడో పిన్ను తప్పనిసరి. బరువు ఎక్కువే, కానీ వాటిలో కొన్ని ఇప్పటికీ తిరుగుతున్నాయి. కొల్హాపూర్ జిల్లా శిరోల్‌లో 1976 నుంచి మిషన్లు చేస్తున్న కేపీటీ బ్లోయరు ఇవాళ్టికీ వర్కుషాపుల్లో దుమ్ము ఊదుతోంది. కాబట్టి కంపెనీది అంటే విదేశీ అని, స్వదేశీ అంటే నాసి అని అనుకోనక్కర్లేదు.

ఇంతకీ లోకల్ మిషన్లను తీసిపారేయడం న్యాయమా? కాదు. స్పేరు పార్టుల కౌంటరు దగ్గర ఓ పూట నిలబడితే ఒక విచిత్రం తెలుస్తుంది. అక్కడ అడిగేది కంపెనీ పేరు కాదు, అంకె. "6-100 ఆర్మేచరు", "2-26 పిస్టను", "సీఎం4 గేరు". 6-100 బాష్ గ్రైండరు, ఆరొందల వాట్ల పైచిలుకు మోటారు, 100 మిల్లీమీటర్ల బిళ్ల. 2-26 అదే కంపెనీ గోడ తొలిచే హామరు, రెండు కిలోల తరగతి, 26 మిల్లీమీటర్ల బిట్టు దాకా. సీఎం4 హిటాచీ వాళ్ల మార్బుల్ కట్టరు. హిటాచీ పేరు 2018లో హైకోకీగా మారినా బజారులో సీఎం4 మారలేదు. ఈ నమూనాలు ఎంత పక్కాగా కుదిరాయంటే, వందలాది నకళ్లు వాటి కొలతల్నే పట్టుకున్నాయి. అందువల్ల నకలు మిషను పాడైనా పార్టు దొరుకుతుంది, కొన్నిసార్లు అసలుదే దానిలో ఇముడుతుంది. అసలు తయారీదారు పనితనం ఇలా పరోక్షంగా పేదవాడి మిషనుకు కూడా ఆయుష్షు పోస్తోంది. ఏ కొలతకూ చెందని వింత రూపంతో, తనకు మాత్రమే సరిపోయే పార్టులతో వచ్చే మిషనే నిజంగా ప్రమాదకరం. అది ఖరీదైనదైనా సరే.

మిషను ఎక్కువకాలం మన్నాలంటే ఎలా ఉండాలో చెప్పే మంచి సాక్ష్యం పండరీ సొంత ధంధాలోనే ఉంది. తాన్లు పొరలు పొరలుగా పరిచి ఒక్కసారే కోసే నిలువు కత్తి మిషను కూడా కరెంటు పనిముట్టే. అమెరికాలోని బఫెలోలో ఈస్ట్‌మన్ సంస్థ 1888 నుంచి బట్ట కోసే మిషన్ల పనిలో ఉంది. ఈ రకం మిషనులో సాధారణంగా ఉండేది ఇండక్షన్ మోటారు. కార్బన్లు లేవు, కమ్యుటేటర్ లేదు. మన 50 హెర్ట్జ్ కరెంటుకు నిమిషానికి దాదాపు 2,800 చుట్లు తిరుగుతూ, ఒక్కో చుట్టుకు కత్తిని ఒకసారి పైకి కిందికి ఆడిస్తుంది. కత్తి పక్కనే సాన ఉంటుంది, మీట నొక్కితే అక్కడికక్కడే పదునెక్కుతుంది. అరిగేదల్లా కత్తీ, సానా. రెండూ పైనుంచే మార్చుకోవచ్చు. వేగం తక్కువ, అరిగే భాగాలు చేతికి అందే చోట. దీర్ఘాయుష్షుకు ఇంతకంటే మంచి సూత్రం లేదు.

కొత్త తరం మిషన్లు ఈ సూత్రాన్ని సగం పాటించి సగం మరిచాయి. బ్రష్‌లెస్ మోటారులో కార్బన్లు లేవు, అది లాభం. కానీ దాన్ని నడిపేది ఎలక్ట్రానిక్ బోర్డు. కాలిపోతే మామూలు బల్ల మీద బాగుపడదు, మొత్తం మార్చాలి. బ్యాటరీ మిషన్ల మీద అంకెల పోటీ ఇంకో వింత. 18 వోల్టులన్నా, 20 అన్నా, 21 అన్నా లోపల వరుసగా కలిపినవి ఐదు లిథియం సెల్లులే. ఒకరు మామూలు వోల్టేజీ చెబుతారు, ఒకరు పూర్తి చార్జీలో ఉన్నది చెబుతారు. కొన్ని చౌక పెట్టెల మీద 48, 88 అని రాసి ఉన్నా ఐదు సెల్లుల లెక్క మారదు. ఇక్కడ కొనాల్సింది అంకెను కాదు, మూడేళ్ల తర్వాత కూడా అదే బ్యాటరీ దొరికే కంపెనీని.

మరి ఎవరు ఏది కొనాలి? ఏడాదికి నాలుగు మేకులకు రంధ్రం చేసే ఇంటికి లోకల్ డ్రిల్లు చాలు. రోజుకు ఎనిమిది గంటలు గ్రైండరు పట్టే వెల్డరుకు మాత్రం చౌక మిషను ఖరీదైనది. అది ఆగిన పూట కూలి పోతుంది, మాటిచ్చిన గిరాకీ పోతుంది, ఒంట్లో వణుకు మిగులుతుంది. కౌంటరు దగ్గర చేసుకోదగ్గ పరీక్షలు చాలా తేలిక. స్పిండిల్‌ను చేత్తో అటూ ఇటూ కదపండి, లూజు ఉండకూడదు. బిళ్ల లేకుండా నడిపి గాలి సందుల్లోంచి చూడండి. కార్బన్ల దగ్గర చిన్నచిన్న నీలి రవ్వలు ఫరవాలేదు, రాగి చుట్టూ నిప్పు వలయం తిరిగితే వద్దు. స్విచ్చి ఆపి చెవి పెట్టండి. మంచి మిషను సాఫీగా నెమ్మదిస్తుంది, గేరు గరగర వినిపించదు. వైరు రబ్బరుదా కాదా వంచి చూడండి. బిల్లు తప్పక తీసుకోండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది, బిల్లు లేనివాడికి ఆ గడువుతో పనిలేదు. కేంద్రం 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ తెచ్చిన ఉద్దేశం కూడా పార్టులు, మరమ్మతు సమాచారం కొన్నవాడికి అందాలనే.

ఇన్ని చూశాక చివరి ప్రశ్న దుకాణదారును అడగండి: దీని కార్బన్లు, ఆర్మేచరు, బేరింగు ఇప్పుడు మీ దగ్గర ఉన్నాయా? డబ్బా తెరిచి చూపించాడా, ధర ఏదైనా ఆ మిషనును నమ్మొచ్చు. జీవితకాల వారంటీ కార్డు చూపించి పార్టులకు రేపు రమ్మన్నాడా, ఆ జీవితకాలం ఎంతో అప్పుడే తెలిసిపోయినట్టు.